అందరికీ తెరిచిన సమూహమా, సభ్యులకే పరిమితమైనదా?

ఒకే కష్టం ఉన్నవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునేటప్పుడు, ఆ మాటలు ఎవరెవరికి వినిపించాలన్నదే మొదటి ప్రశ్న.

బహిరంగంగా ఉంటే కొత్తవాళ్లు జంకు లేకుండా చేరతారు. ఒకసారి ఇచ్చిన జవాబు, ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చినవాళ్లకూ పనికొస్తుంది. పొరపాటు సమాచారాన్ని సరిదిద్దే కళ్లూ ఎక్కువే.

సభ్యులకే పరిమితమైన చోట మనిషి మనసు విప్పుతాడు. అప్పులు, అనారోగ్యం, ఇంట్లో హింస నలుగురిలో చెప్పుకొనేవి కావు. పేరు దాస్తే చాలదా అంటారు కొందరు. చాలదు. వయసు, వృత్తి, ఊరు, జబ్బు కలిపి చూస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అయితే మూసిన తలుపుకూ లోపాలున్నాయి. ఒక్క సభ్యుడు స్క్రీన్‌షాట్ తీసి పంపితే గుట్టు రట్టవుతుంది. పైగా బయటి చూపు పడనిచోట నిర్వాహకుల పెత్తనాన్ని ప్రశ్నించడం కష్టం.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు అండగా నిలిచే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైన ఈ సంఘం రెండు పద్ధతులనూ పాటిస్తుంది. ఎవరైనా రాగల సమావేశాలు వేరు, తాగుడు మానాలనుకునేవాళ్లకే పరిమితమైనవి వేరు. లండన్‌లోని చాతమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ 1927లో పెట్టిన నియమం మరో దారి చూపింది: విన్న విషయాన్ని బయట వాడుకోవచ్చు, అన్నది ఎవరో మాత్రం వెల్లడించకూడదు.

నా మొగ్గు ఈ మిశ్రమ పద్ధతి వైపే. నియమాలు, సాధారణ సమాచారం, నిర్వాహకుల నిర్ణయాలు అందరికీ కనబడాలి. సొంత గోడు సభ్యుల మధ్యే ఉండాలి. మూసిన సంభాషణలను తర్వాతెప్పుడో తెరవాలనుకుంటే, అందులో మాట్లాడిన ప్రతి ఒక్కరి అనుమతీ విడిగా అడగాలి. వాళ్లు నోరు విప్పింది ఆ నాలుగు గోడలను నమ్మే కదా.