‘ఓపెన్ టెన్త్ గ్యారంటీ, కౌన్సెలింగ్ ఫ్రీ’ అనే హాస్టళ్లతో జాగ్రత్త

టెన్త్ తప్పి, బడి మానేసి, గదిలో తలుపేసుకుని కూర్చునే పిల్లలున్న ఇళ్లకే ‘మా దగ్గర ఉంచితే ఓపెన్ టెన్త్, అంటే బడికి వెళ్లకుండా రాసే టెన్త్, పాస్ చేయిస్తాం’ అని ఈ హాస్టళ్ల ఫోన్లు వస్తాయి. ఏడాది ఫీజు ముందే కట్టించుకుంటారు. దెబ్బ పడేది పరీక్ష దగ్గర, పిల్లల మనసు మీద.

ఒకటి రెండు సబ్జెక్టులే పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాయిస్తే చాలు, ఈ హాస్టలే అక్కర్లేదు. ఆ మాట వాళ్లు చెప్పరు.

ఓపెన్‌కే వెళ్లాలంటే, హాస్టల్ రసీదు అడ్మిషన్ కాదని గుర్తుంచుకోండి. ఎన్‌ఐఓఎస్‌ (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్) అయినా, రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ అయినా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు చేతికొస్తేనే చేరినట్టు. అప్లికేషన్‌లో మీ ఫోన్ నంబరే ఇవ్వండి. వాళ్లది ఇస్తే ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి, ఫీజు కట్టారో లేదో కూడా మీకు తెలీదు. రెగ్యులర్ టెన్త్‌లో పాసైన రెండు సబ్జెక్టుల దాకా మార్కుల్ని ఎన్‌ఐఓఎస్‌లోకి బదిలీ చేయించుకోవచ్చు. అప్లికేషన్ నింపేటప్పుడే అది అడగాలి. క్లర్కు ఆ గడి వదిలేస్తే మూడు రాయాల్సిన పిల్ల అయిదూ రాస్తుంది.

‘అసైన్‌మెంట్లు మేమే రాయించేస్తాం’ అంటే నమ్మకండి. ఎన్‌ఐఓఎస్‌లో వాటికి 20 శాతం మార్కులే, మిగతాది పరీక్ష హాల్లో పిల్లాడే రాయాలి. పాస్ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చారంటే కాపీ చేయించబోతున్నారనే అనుమానించండి. దొరికితే బుక్కయ్యేది పిల్లాడే. ‘ఈ నెలే ఆఖరు’ అని తొందరపెడితే కంగారు పడకండి, ఎన్‌ఐఓఎస్‌ అడ్మిషన్ 5 ఏళ్లు చెల్లుతుంది, 9 సార్లు రాసుకోవచ్చు.

అసలు భయపడాల్సింది కౌన్సెలింగ్ గురించి. క్లినికల్ సైకాలజిస్ట్ అన్నారా, వాళ్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ కౌన్సిల్ సైట్లో చూసుకోండి. వారానికి ఎన్నిసార్లు, విడిగా ఎంతసేపు, ఏ గదిలో మాట్లాడతారో అడగండి. ఆదివారం అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఇచ్చే ఉపన్యాసం కౌన్సెలింగ్ కాదు. చాలాచోట్ల వార్డెనే కౌన్సెలర్. కొట్టేవాడి దగ్గరే పిల్లాడు తన బాధ ఎలా చెప్పుకుంటాడు?

గోడ మీది టైంటేబుల్ చూడండి. పొద్దున 5కి లేపి రాత్రి 11 దాకా స్టడీ అవర్ అంటే మిగిలేది ఆరు గంటలు. ఈ వయసుకి కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి, దిగులుతో ఉన్న పిల్లలకు మరీను. మందులు వాడుతుంటే ఎవరు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. దాన్ని ‘మొండితనం’ అని దండిస్తారు. ‘అలవాటు పడేదాకా నెల రోజులు ఫోన్ వద్దు’ అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

ఫీజు నెలనెలా కడతామనండి. రిఫండ్ షరతు రసీదు మీదే రాయించండి. టీసీ, మార్కుల మెమో ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

డబ్బు ఇప్పటికే ఇరుక్కుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కొడుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. పిల్ల చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా ఆ రోజే ఇంటికి తీసుకొచ్చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.