కృపను నమ్మిన పాస్టరు ఊరిలో: ఓల్నీలోని కూపర్ అండ్ న్యూటన్ మ్యూజియం

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ నగరానికి దగ్గరలో ఓల్నీ అనే చిన్న ఊరు ఉంది. కవి విలియం కూపర్ 1768 నుంచి 1786 వరకు నివసించిన ఇటుక ఇల్లు ఆ ఊరి సంత మైదానం పక్కనే ఉంది. 1900లో, కూపర్ చనిపోయి నూరేళ్లు నిండిన సందర్భంలో, ఆ ఇంటిని మ్యూజియంగా తెరిచారు. కూపర్ పేరుతో పాటు ఆ మ్యూజియం పేరులో ఉన్న రెండో వ్యక్తి జాన్ న్యూటన్. ‘అమేజింగ్ గ్రేస్’ (అద్భుతమైన కృప) అనే క్రైస్తవ కీర్తన రాసిన ఈయన 1764 నుంచి సుమారు పదహారేళ్లు ఆ ఊరి పాస్టరుగా పనిచేశారు. దైవసేవకు పిలుపు అంటే ఏమిటో, కృపచేతనే రక్షణ, అంటే మన మంచితనం వల్ల కాక దేవుని దయ వల్లనే రక్షణ, అన్న బోధను ఒక మనిషి ఎలా నమ్మి ఎలా బతికాడో తెలుసుకోగోరేవారికి ఇది తప్పక చూడదగిన చోటు. అయితే మ్యూజియం చూసి వెనుదిరిగితే సగమే చూసినట్టు అవుతుంది.

ఇల్లు కూపర్‌ది కాబట్టి ఎక్కువ చోటు ఆయనకే దక్కడం సహజం. ఆయన పెంచుకొన్న కుందేళ్ల ముచ్చట్లు, తోటలో ఆయన కూర్చుని రాసుకొన్న చిన్న గది, ఆ ఊరి స్త్రీలు అల్లిన లేసు సేకరణ, అన్నీ ఆసక్తిగానే ఉంటాయి. లేసు దగ్గర త్వరగా ముందుకు సాగిపోయేవారే ఎక్కువ కావచ్చు గాని, న్యూటన్ ప్రసంగాలు విన్నవారిలో చాలామంది ఆ అల్లికతోనే పొట్టపోసుకొన్న పేదలని గుర్తుంచుకొంటే, ఆ గాజు అరల ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఆ పేదల ప్రార్థనకూటాల కోసమే న్యూటన్, కూపర్ కలిసి కీర్తనలు కట్టారు. 1779లో అచ్చయిన వారి సంపుటంలో 348 కీర్తనలు ఉన్నాయి.

న్యూటన్ కథను మన సాక్ష్య కూటాల్లో చెప్పే తీరు అందరికీ తెలిసిందే. బానిసల ఓడల్లో తిరిగిన దుర్మార్గుడు తుపానులో దేవునికి మొరపెట్టాడు, మారుమనస్సు పొందాడు, పాస్టరు అయ్యాడు అని మూడు ముక్కల్లో ముగిస్తాము. అసలు చరిత్ర ఇంత సాఫీగా లేదు. 1748 మార్చిలో గ్రేహౌండ్ అనే ఓడ అట్లాంటిక్‌లో మునిగిపోబోయిన మాట నిజమే. ఆ రోజును ఆయన బతికినంతకాలం స్మరించుకొన్న మాటా నిజమే. కాని ఆ తరువాతే ఆయన బానిసలను మోసే ఓడలకు కెప్టెన్ అయ్యారు. 1750 నుంచి 1754 వరకు మూడు ప్రయాణాలు చేసి, బైబిలు చదువుతూ, ప్రార్థిస్తూనే, కింది అంతస్తులో సంకెళ్లతో ఉన్న మనుషులను అమ్మకానికి తీసుకువెళ్లారు. 1754లో అనారోగ్యం వల్ల సముద్రాన్ని విడిచిపెట్టారే గాని మనస్సాక్షి గద్దించినందువల్ల కాదు. ఆ వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం అచ్చువేయించింది 1788లో, అంటే సముద్రాన్ని విడిచిన ముప్పై నాలుగేళ్లకు. తుపాను నాటికి తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కాలేదని న్యూటనే తరువాత ఒప్పుకొన్నారు. కనుక ఇక్కడికి వచ్చేవారు న్యూటన్‌కు సంబంధించిన గదిలో తేదీలను వరుసగా పెట్టుకొని చూడాలని నా సలహా. ఒక్క రాత్రిలో అంతా మారిపోయే సాక్ష్యాలకు అలవాటుపడిన మనకు, కృప ఒక మనిషిలో దశాబ్దాల పాటు పనిచేయడం ఎలా ఉంటుందో ఆ తేదీలలోనే కనిపిస్తుంది.

పిలుపు సంగతీ అటువంటిదే. లివర్‌పూల్ రేవులో సుంకపు శాఖ ఉద్యోగిగా ఉన్న రోజుల్లో ఆయన సొంతంగా గ్రీకు, హెబ్రీ నేర్చుకొన్నారు, సేవకు పిలుపు ఉందని నమ్మారు, ఆర్డినేషన్ (పాస్టరుగా అధికారిక నియామకం) కోరారు. విశ్వవిద్యాలయపు పట్టా లేదు, పైగా అప్పటి ఉజ్జీవ ఉద్యమకారులైన మెథడిస్టులతో స్నేహం ఉంది. ఇంగ్లండు అధికారిక సంఘమైన ఆంగ్లికన్ సంఘ పెద్దలు నిరాకరించారు. కొన్నేళ్లు ఎదురుచూసిన తరువాత లార్డ్ డార్ట్‌మత్ అనే ప్రభువు చొరవతో 1764లో ఓల్నీ పాస్టరు పదవి దొరికింది. దేవుడు పిలిచాడని చెప్పి మరుసటి ఆదివారమే సొంత సంఘం బోర్డు కట్టే ధోరణి పెరిగిన ఈ కాలంలో, ఇన్నేళ్లు తలుపు దగ్గర నిలబడిన మనిషి కథను బైబిలు కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి.

ఈ మ్యూజియంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇద్దరి పేర్లూ ఒకే తలుపు మీద ఉండటమే. 1773 జనవరి 1న న్యూటన్ మొదటి దినవృత్తాంతముల గ్రంథం 17వ అధ్యాయంలోని దావీదు ప్రార్థన మీద ప్రసంగించారు. ‘అమేజింగ్ గ్రేస్’ ఆ ప్రసంగానికి తోడుగా పుట్టిన కీర్తన అని చెబుతారు. ఆ నెలలోనే కూపర్ మళ్లీ తీవ్రమైన మానసిక వ్యాధికి లోనయ్యారు. దేవుడు తనను శాశ్వతంగా తోసివేశాడన్న నమ్మకం బలపడి, ఆపైన ఆరాధనకు వెళ్లనేలేదు. “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు” అన్న ఎఫెసీ పత్రిక వాక్యాన్ని ఇద్దరూ నమ్మారు. ఒకరు అది పాపులలో ప్రధానుడైన తనకే వర్తిస్తుందని ధైర్యం తెచ్చుకొన్నారు. మరొకరు తన ఒక్కడికి తప్ప అందరికీ వర్తిస్తుందని కుమిలిపోయారు. న్యూటన్ ఆయనతో వాదానికి దిగలేదు, అవిశ్వాసమని గద్దించలేదు. ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకొని చూసుకొన్నారు. సిద్ధాంతపరంగా న్యూటన్ కాల్వినిస్టు, అంటే రక్షణ పొందేవారిని దేవుడే ముందుగా ఎన్నుకొంటాడని నమ్మేవారు. అయినా తన కాల్వినిజాన్ని టీలో కరిగిన పంచదారలా వాడతానని, ముద్దగా తినిపించనని ఆయన చెప్పినట్టు ఒక కథ ప్రచారంలో ఉంది. కూపర్ పట్ల ఆయన నడవడి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది.

మ్యూజియం నుంచి బయలుదేరి నది వైపు నడిస్తే పీటర్, పౌలు పేర్ల మీద ఉన్న చర్చి వస్తుంది. న్యూటన్ రోజుల్లో జనం పట్టక అందులో గ్యాలరీ కట్టించారు. ఆయన ప్రసంగ వేదికను అక్కడ భద్రపరిచారు. లండన్‌లో 1807లో చనిపోయిన ఆయన అవశేషాలను 1893లో ఇక్కడికి తెచ్చి ఆవరణలో సమాధి చేశారు. తన స్మారక వాక్యాన్ని ఆయనే ముందుగా రాసి పెట్టుకొన్నారు. ఒకప్పుడు అవిశ్వాసిగా, దుర్నీతిపరుడిగా ఉన్న తాను క్రీస్తు కనికరం వల్ల కాపాడబడి, క్షమించబడి, తాను నాశనం చేయజూసిన విశ్వాసాన్నే ప్రకటించడానికి నియమించబడ్డానన్నది అందులోని సారాంశం. బిరుదులు గాని, కట్టించిన మందిరాల లెక్క గాని అందులో లేవు. ఓల్నీలోని పాస్టరు ఇంట్లో ఆయన చదువుకొనే గదిలో పొయ్యి పైన, నీవు ఐగుప్తులో దాసుడవని మరువవద్దన్న ద్వితీయోపదేశకాండపు వాక్యాన్ని రాయించుకొన్నారు. ఆ ఇల్లు మ్యూజియంలో భాగం కాదు కాబట్టి దాన్ని చదివి ఊహించుకోవలసిందే.

తెలుగువారికి ఈ ఊరితో మరో సంబంధం కూడా ఉంది. చెప్పులు కుట్టే విలియం కేరీని 1786లో సేవకు పంపించింది ఓల్నీలోని బాప్టిస్టు సంఘం. తరువాత బెంగాలులోని శ్రీరాంపూర్ చేరిన ఆయన 1814లో తెలుగు వ్యాకరణం వెలువరించారు, 1818లో అక్కడి అచ్చుకూటం నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. పిల్లలతో వెళ్లేవారు ఈ సంగతి ముందే చెప్పి తీసుకువెళితే వారికి ఊరి మీద ఆసక్తి పెరుగుతుంది.

ఓల్నీకి ఇప్పుడు రైలు లేదు. మిల్టన్ కీన్స్ దాకా రైలులో వచ్చి అక్కడి నుంచి బస్సు గాని కారు గాని పట్టుకోవాలి. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి కనుక బయలుదేరే ముందు చూసుకోవడం మంచిది. ఉదయం చర్చిని, సమాధిని చూసి మధ్యాహ్నం మ్యూజియంకు రావడం కన్నా, మ్యూజియంతో మొదలుపెట్టి సమాధి దగ్గరికి వెళ్లడమే సరైన వరుస అని నాకు అనిపించింది, ఎందుకంటే ఆ రాతి మీది ఒక్కొక్క మాట వెనుక ఉన్న ఏళ్లు అప్పటికి మనకు తెలిసి ఉంటాయి.