టర్బో కారులో నీలిపొగ: పీసీవీ మార్చి, క్యాచ్ క్యాన్ పెట్టి 62 వేల కిలోమీటర్లు నడిపాక

దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగే ఘాట్‌లో గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా చాలాసేపు దిగాను. కింద వంతెన దాటి మళ్లీ ఎక్కుతూ గట్టిగా తొక్కగానే వెనక కారులో వస్తున్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ బండి నీలం పొగ కక్కుతోంది, పక్కకు ఆపు." ఆపి చూస్తే ఇంజిన్ వేడి మామూలుగానే ఉంది, కూలెంట్ తగ్గలేదు. నీలం పొగంటే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీస్తే, నిజంగానే ఆయిల్ కనీస గీత కిందికి పోయింది. సర్వీస్ చేయించి రెండు నెలలు కూడా కాలేదు.

నాది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్. అప్పటికి 71 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. హైదరాబాద్‌లో మొదట చూపించిన చోట టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పి, లోపల ఆయిల్ తడి చూపించి, టర్బో పోయిందన్నారు. లక్షా నలభై వేలు అంచనా రాసిచ్చారు. ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు. టర్బో బండిలో ఇంటర్‌కూలర్ పైపుల్లో పల్చటి ఆయిల్ పొర మామూలుగానే ఉంటుందని నాకు తరువాత తెలిసింది. అది ఒక్కటే చూసి టర్బో మార్చేయకూడదు.

రెండో అభిప్రాయం కోసం ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన టర్బో జోలికే పోలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఐడిల్‌లో ఆయిల్ మూత తిప్పమన్నారు. మూత రాలేదు, లోపలి నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది. బలవంతంగా తీశాక, అప్పటిదాకా నేను బెల్టు శబ్దం అనుకున్న సన్నటి ఈల ఆగిపోయింది. "రింగులు అరిగి బ్యాక్ కంప్రెషన్ ఉంటే గాలి బయటికి తన్నాలి బాబూ, ఇది లోపలికి లాగుతోంది. నీ బోరు, రింగులు బాగానే ఉన్నాయి. ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్‌లో డయాఫ్రమ్ చిరిగింది" అన్నారు. కవర్ విప్పాక చూస్తే అంతే. అరచేతిలో సగం కూడా లేని రబ్బరు పొర, అంచున చీలిక. దాని పక్కన ఉండే వన్‌వే వాల్వ్ కూడా సరిగా మూసుకోవడం లేదు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకే చాలామంది టర్బోలు కొంటున్నారు. ఎంత మంచి ఇంజిన్‌లోనైనా మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. పాత లారీల్లో దాన్ని ఒక బ్రీదర్ పైపుతో రోడ్డు మీదికే వదిలేసేవారు. కార్లలో దాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి మండించే ఏర్పాటు 1961 మోడళ్లతో కాలిఫోర్నియాలో మొదలైంది. దాన్నే పీసీవీ అంటారు. టర్బో లేని బండికి ఇది సులువు, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఎక్కువసేపు వాక్యూమ్ (లాగుడు) ఉంటుంది కాబట్టి అదే లాగేసుకుంటుంది. టర్బో బండిలో బూస్ట్ వచ్చినప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తి పంపేటప్పుడు, మానిఫోల్డ్‌లో పీడనం పెరిగి అంతా తలకిందులవుతుంది. అప్పుడు వన్‌వే వాల్వ్ ఆ దారి మూసేయాలి, వాయువు టర్బో ముందున్న పైపులోకి వెళ్లాలి. ఆ వాల్వ్ మూసుకోకపోతే బూస్ట్ గాలి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది.

టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగేది తన బరువుతోనే, లాగే పంపు ఏదీ లేదు. కింద కాలవ నిండుగా ఉంటే పొలంలో నీళ్లు తూములోంచి దిగనట్టే, క్రాంక్‌కేస్‌లో పీడనం ఉంటే టర్బోలో ఆయిల్ నిలిచిపోయి తిరిగే షాఫ్ట్ పక్కనుంచి బయటికి వస్తుంది. ఆ చోట ఉండేవి రబ్బరు సీళ్లు కావు, సన్నటి లోహపు రింగులు. కొత్త టర్బో వేసినా అదే పొగ వస్తుంది. ఘాట్‌లో నాకు జరిగింది మాత్రం దీనికి తలకిందులు. థ్రాటిల్ మూసి దిగుతున్నంతసేపూ మానిఫోల్డ్ వాక్యూమ్ బాగా పెరిగింది, ఆ లాగుడును అదుపులో ఉంచాల్సిన డయాఫ్రమ్ చిరిగి ఉండటంతో దాన్ని ఆపలేక ఆయిల్‌ను లోపలికి పోనిచ్చింది. ఎక్కేటప్పుడు అదంతా మండింది.

వాల్వ్‌తో కలిపి కొత్త కవర్‌కు, కూలికి రూ. 16,500 అయింది. పారదర్శకమైన పైపును యూ ఆకారంలో వంచి, రంగునీళ్లు పోసి, డిప్‌స్టిక్ గొట్టానికి తగిలించి లోపల లాగుడు ఎంతుందో చూపించారు. నీళ్లు ఇంజిన్ వైపు కొద్ది సెంటీమీటర్లు మాత్రమే లేచి నిలబడ్డాయి. అంతకుముందు 1,500 కిలోమీటర్లకు లీటరు తాగిన బండి, ఇప్పుడు 10 వేల కిలోమీటర్ల సర్వీస్ మధ్యలో అర లీటరు అడుగుతోంది. నీలిపొగ మళ్లీ కనపడలేదు. అంటే పొగ ఆపింది వాల్వుతో వచ్చిన ఆ కొత్త కవరే. క్యాచ్ క్యాన్ (ఆ వాయువులోని ఆయిల్‌ను పట్టే డబ్బా) కాదు. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

మరి రూ. 6,500 పెట్టి క్యాన్ ఎందుకు? డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడిగేది ఏమీ ఉండదు. ఆయిల్ ఆవిరి అక్కడే పేరుకుని నల్లగా గట్టిపడుతుంది. కవర్ మార్చినప్పుడే ఆ మసిని వాల్‌నట్ చిప్పల పొడి ఊది తీయించాను. మళ్లీ అంత త్వరగా పట్టకూడదని ట్యాపెట్ కవర్‌కూ టర్బో పైపుకూ మధ్య క్యాన్ పెట్టించాను. గాలిలోకి వదిలేసే రకం వద్దన్నాను. అది కాలుష్యం, పైగా ఏసీలోంచి ఆయిల్ వాసన లోపలికి వస్తుంది.

నాలుగేళ్లలో చూసింది ఇది. వేసవిలో 1,000 కిలోమీటర్లకు రెండు మూడు చెంచాల నల్లటి ఆయిల్. డిసెంబర్, జనవరిలో ఆఫీసుకు దగ్గర దూరాలే తిరిగితే అంతకు మూడింతలు, అందులో సగం నీళ్లే, పాల మీగడలా తెల్లగా. మొదటిసారి చూసి హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని టెన్షన్ పడ్డాను. కూలెంట్ మట్టం తగ్గకపోతే అది చల్లటి ఇంజిన్‌లో పేరుకున్న తేమే. విజయవాడ దాకా ఒకసారి వెళ్లొస్తే తగ్గిపోతుంది.

1,12,000 దగ్గర చిన్న కెమెరా దించి వాల్వులు చూపించుకున్నాను. మసి ఉంది, కానీ పల్చగా. సన్నటి తుంపర ఎంతో కొంత క్యాన్ దాటి పోతూనే ఉంటుంది, అన్నీ ఆపేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. లోపల జాలీ, అడ్డుపలకలు లేని ఖాళీ డబ్బాలు అసలు కొనవద్దు.

నాకు పెద్ద ఇబ్బంది వచ్చింది గొట్టంతో. కిట్‌తో వచ్చిన రబ్బరు గొట్టం రెండో ఏడాదికే ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడి, లాగుడుకు చదునైపోయింది. దారి మూసుకుపోయి డిప్‌స్టిక్ చుట్టూ ఆయిల్ చెమర్చింది. ఆయిల్‌ను తట్టుకునే మందపాటి గొట్టం వేయించాక ఆ తడి ఆగింది. క్యాన్ నిండినా, జాలీ మూసుకుపోయినా ఇదే ప్రమాదం, కాబట్టి ఖాళీ చేసే ఓపిక లేనివాళ్లు దీన్ని పెట్టుకోకపోవడమే మంచిది. నేను వేసవిలో 3,000 కిలోమీటర్లకు, చలికాలంలో 1,000కి విప్పుతున్నాను. మొన్న 1,33,000 దగ్గర జాలీని పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి బిగించాను. ఆయిల్ మూత చేతి రెండు వేళ్లతోనే వచ్చింది, ఈల లేదు.