దానంతటదే ఆగిపోయే డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎంపీఎస్: నాలుగు వేసవుల వాడకం తర్వాత

కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బాను, నా డెస్క్‌టాప్‌లో బిగించి నాలుగు వేసవులు గడిచాయి. అంతకు ముందు పని మధ్యలో చెప్పాపెట్టకుండా ఆగిపోతూ వచ్చిన ఆ యంత్రం, ఇది పెట్టిన తర్వాత మళ్లీ అలా ఆగలేదు. అయితే ఆగిపోయే ప్రతి కంప్యూటర్‌కూ ఎస్‌ఎంపీఎస్ మార్చడమే మందు కాదు కనుక, లోపం అక్కడే ఉందని ఎలా తేలిందో ముందు చెప్పి, ఆ తర్వాత ఈ వస్తువు మంచిచెడ్డల్లోకి వస్తాను.

మాది గుంటూరు. నా యంత్రంలో ఉన్నవి రైజన్ 5 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. దీని మీద ప్రధానంగా వీడియో ఎడిటింగ్ చేస్తాను. బ్రౌజర్ తెరిచినా, ఉత్తరాలు టైపు చేసినా రోజంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే రెండర్ మొదలుపెట్టి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కలిసి పని అందుకున్న కొద్దిసేపటికే మానిటర్ నల్లబడి, ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. లోపం వచ్చిందని విండోస్ చూపే నీలి తెర కనిపించేది కాదు, రీస్టార్ట్ అయ్యేది కాదు. పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. గోడ స్విచ్ ఆపి, కొంత ఆగి మళ్లీ వేస్తేనే లేచేది. ఈ చివరి లక్షణమే అన్నిటికన్నా విలువైన ఆధారం. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ ఏర్పాటు ఒకసారి అడ్డం పడితే, చాలావాటిలో మెయిన్స్ కరెంటు తీసి వేసేదాకా అది వదలదు.

చూపించిన రిపేరు షాపులో మొదటి మాటే ‘విండోస్ ఫార్మాట్ చేద్దాం’ అన్నారు. మన ఊళ్లలో కంప్యూటర్‌కు ఏ జబ్బు వచ్చినా ముందు రాసే చీటీ ఇదే. విండోస్ రాసుకునే నమోదులను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించిన ‘కెర్నల్-పవర్ 41’ను వారు కారణంగా చూపారు గానీ, అది కారణం కాదు, క్రితంసారి యంత్రం పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే నమోదు మాత్రమే. అందులో ‘బగ్‌చెక్ కోడ్’ అన్న చోట సున్నా కాక వేరే అంకె ఉంటే డ్రైవర్, ర్యామ్ వంటి వాటిని అనుమానించవచ్చు. నా నమోదులన్నిటిలోనూ సున్నాయే ఉంది, అంటే విండోస్‌కు తన బాధ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట.

మిగిలిన పెద్ద అనుమానం వేడి. మే నెలలో మధ్యాహ్నం గది తలుపులు మూసుకుని పనిచేసేవారికి ఈ అనుమానం రావడం సహజమే. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రీడింగులను ఫైలుగా రాసే సౌకర్యం ఉంది. యంత్రం హఠాత్తుగా ఆగినా అప్పటిదాకా రాసిన వరుసలు దాదాపుగా ఫైలులో మిగులుతాయి. ఈ ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు కాగా, ఆగిపోయే ముందు నమోదైన చివరి వరుసలో ఉన్నది 74. పైగా వేడి మితిమీరితే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, రెండర్ నత్తనడకన సాగుతుంది. ఆపేయడం దాని చివరి అస్త్రం. నా దగ్గర ఆ నెమ్మదించడమే లేదు. కేబినెట్ పవర్ బటన్ ఇరుక్కుపోవడం వల్ల కూడా కొన్ని యంత్రాలు ఆగుతాయి కనుక, ఆ బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే రెండు పిన్నుల తీగను పీకి కూడా చూశాను. తేడా లేదు.

అప్పుడు కేబినెట్ పక్క మూత తీసి, దానితోపాటే వచ్చిన పాత ఎస్‌ఎంపీఎస్ మీది పట్టీ చదివితే లెక్క తేలిపోయింది. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉన్నా, కింద చిన్న పట్టికలో 12 వోల్ట్ల గడిలో ఉన్నది 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. ప్రాసెసర్ పూర్తి బరువు మీద దాదాపు 88 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 125 వాట్లు తీసుకుంటాయి. ఆ రెండూ కలిస్తేనే 213, అదీ దాదాపుగా 12 వోల్ట్ల లైను నుంచే. ఖాళీగా ఉన్న మోలెక్స్ అనే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటర్ పెట్టి రెండర్ మొదలుపెడితే 11.9 నుంచి 11.3కు జారి, ఆ వెంటనే అంతా ఆరిపోయింది. ఇలాంటి పాత ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ఒప్పుకునేది అయిదు శాతం తేడా, అంటే 11.4 దాకానే. అయితే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్ట్లకు పైగా నిలిచి ఉండవచ్చు.

కొత్తది పెట్టాక అదే రెండర్‌లో 12 వోల్ట్ల రీడింగు 12.0 దగ్గర కదలకుండా నిలిచింది. ఇటీవల మళ్లీ చూస్తే కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. లోపాలు లేవని కాదు. దీనిలో తీగలన్నీ నలుపే కావడంతో మీటర్ పెట్టేవారికి రంగు చూసి పోల్చుకునే వీలు లేదు, పిన్ను స్థానాన్ని బట్టే వెతుక్కోవాలి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ పొట్టిది. ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉండే నా కేబినెట్‌లో మదర్‌బోర్డు వెనుక నుంచి బిగుతుగా లాగితే తప్ప అందలేదు. అక్కరలేని కేబుళ్లను విడదీసే వీలు లేక అవన్నీ ఓ మూల కుక్కాల్సి వచ్చింది. వేసవిలో ఫ్యాన్ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, కానీ సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో దాన్ని తప్పు పట్టలేను.

కొనేవారు ముందే తెలుసుకోవాల్సిన సంగతి యూపీఎస్‌కు సంబంధించినది. రెండర్ మధ్యలో కరెంటు పోతే నా 600 వీఏ యూపీఎస్ ఓవర్‌లోడ్ కూత పెట్టి ఆరిపోయేది. చూసేవారికి పాత జబ్బే తిరగబెట్టిందనిపిస్తుంది గానీ, ఇది వేరు. ఆ 600 వీఏలో వాడుకోగలిగేది 360 వాట్లే. లోపలి భాగాలకు 280 వాట్లు కావాలంటే, 85 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి 330 దాకా లాగుతుంది. మానిటర్‌ను కలిపితే అంచుకు చేరినట్టే, ఇక బ్యాటరీ కాస్త పాతబడితే చెప్పేదేముంది. 1000 వీఏ, 600 వాట్ల యూపీఎస్‌కు మారాక ఆ బాధ తీరింది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. గోడ నుంచి కరెంటును సాఫీగా తీసుకునే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు అది పడదు. నా జోడీకి పడింది. మీ దగ్గర పడుతుందో లేదో, షాపువారు ఒప్పుకుంటే బరువైన పని నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు తీసి, కొనకముందే చూసుకోవడం మేలు.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆఫీసు పనికి వాడే యంత్రానికి 550 వాట్లు అనవసరం. అక్కడ మంచి రకం 400 వాట్లది చాలు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా చూడాల్సింది వాట్ల అంకెను కాదు, పట్టికలో 12 వోల్ట్ల కింద రాసిన ఆంపియర్లను. ఆ పట్టికే లేని ఎస్‌ఎంపీఎస్‌ను ఎంత చవకగా ఇస్తామన్నా నేనైతే తీసుకోను.