రెండో ఆపరేషన్‌లో టిష్యూ వాల్వా, మెకానికల్ వాల్వా: రెండూ వాడినదాని మాట

కంచరపాలెంలో టైలరింగ్ షాపు నడుపుతాను. వయసు నలభై మూడు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండెలో మైట్రల్ వాల్వ్ పాడైంది. ముప్పయ్యో ఏట టిష్యూ వాల్వ్ వేశారు. నిరుడు దాన్ని తీసి లోహం, ప్లాస్టిక్‌తో చేసిన మెకానికల్ వాల్వ్ పెట్టారు. బ్లౌజులు కుట్టించుకోడానికొచ్చే వాళ్లు కూడా "ఏది మంచిదక్కా?" అని అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు పాత వాల్వ్ సంగతి. పశువు గుండె చుట్టూ ఉండే పొరను శుద్ధి చేసి తయారుచేసింది అది. అప్పుడు మాకు ఒకటే కోరిక, పిల్ల కావాలి. మెకానికల్ వాల్వ్ వేస్తే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం మింగాలి, ఆ మాత్ర కడుపులో బిడ్డకి, ముఖ్యంగా మొదటి నెలల్లో, హాని చేయొచ్చు. టిష్యూ వాల్వ్‌కి మాత్ర మొదటి కొన్ని నెలలే. నా కూతురు ఇప్పుడు ఆరో తరగతి. ఆ వాల్వ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను.

కాకపోతే వయసు తక్కువగా ఉన్నవాళ్లలో టిష్యూ వాల్వ్ తొందరగా అరుగుతుంది. రెక్కల మీద కాల్షియం పేరుకుని బిగుసుకుపోతాయి, లేదా చిరుగుతాయి. నాకు బిగుసుకుపోయాయి. షాపు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు. ఎకో చూసి రీడూ, అంటే మళ్లీ ఆపరేషన్ చేసి వాల్వ్ మార్చడం, తప్పదన్నారు.

ఆరిలోవ వైపు ఒక ఆసుపత్రిలో సర్జన్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. ఈ రివ్యూలో నేను అందరికంటే ఎక్కువ మెచ్చుకునేది ఆ మనిషినే. మైట్రల్ స్థానంలో అరవై అయిదు లోపు వాళ్లకి మామూలుగా మెకానికల్ వైపు, ఆ పైబడిన వాళ్లకి టిష్యూ వైపు మొగ్గుతారట. అక్కడితో ఆపేయకుండా ఆయన ఇంకో మాట అడిగారు. "మీకు గుండె లయ తప్పింది కాబట్టి రక్తం పలచబడే మాత్ర ఎసిట్రోమ్ ఇప్పటికే వాడుతున్నారు కదమ్మా. ఇంకా వాడాల్సిందే. మరి టిష్యూ వేయించుకుంటే మీకు మిగిలేదేమిటి?" టిష్యూకి ఉన్న పెద్ద సుఖం మాత్ర తప్పడం. నా విషయంలో ఆ సుఖమే లేదు. నాకు అక్కడే తేలిపోయింది.

మా ఆయన కాలి నరం గుండా పాత వాల్వ్‌లోపలే కొత్తది పెట్టే పద్ధతి గురించి అడిగారు. ఉంది, కానీ అదీ టిష్యూయే, అదీ అరుగుతుంది, పైగా ఒకదాంట్లో ఒకటి పెడితే దారి ఇరుకవుతుంది అన్నారు. మళ్లీ కోత తట్టుకోలేని పెద్దవాళ్లకి అది వరం. నాకు మాత్రం మూడో ఆపరేషన్‌ని కొన్నేళ్లు వెనక్కి జరపడమే అయ్యేది. రెండోసారి ఛాతీ తెరవడమే కష్టం. మొదటి గాయం మానేటప్పుడు గుండె వెళ్లి ఛాతీ ఎముక వెనకాల అతుక్కుని ఉంటుంది. అది ఎంత దగ్గరగా ఉందో ముందే సీటీ తీసి చూసుకున్నారు.

తర్వాత బల్ల సొరుగులోంచి నమూనా వాల్వ్ తీసి నా చేతిలో పెట్టారు. మన దేశంలోనే తయారయ్యే చిత్ర వాల్వ్. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో రూపొందించారు, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. కోబాల్ట్ మిశ్రలోహపు చట్రం, మధ్యలో వాలుతూ లేచే ప్లాస్టిక్ బిళ్ల. నా చూపు మాత్రం చుట్టూ ఉన్న గుడ్డ మీదే పడింది. తెల్లటి పాలిస్టర్ అల్లిక, మడత ఎక్కడా ఉబ్బలేదు, కుట్టు సమానంగా ఉంది. ఆ గుడ్డలోంచే సూది దూర్చి గుండెకి కుడతారని చెప్పారు. గోటితో గీకి చూశాను, పోగు లేవలేదు. అంతవరకూ ఉన్న భయంలో సగం అక్కడే పోయింది.

ఇప్పుడు ఏడాది దాటింది. ఆయాసం లేదు. మిషన్లు ఆపేశాక గదిలో సద్దు లేకపోతే టక్ టక్ సన్నగా వినిపిస్తుంది, అలవాటైపోయింది. వాల్వ్‌కి ఐదుకి ఐదు.

అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష పీటీ ఐఎన్ఆర్. ఆ అంకె నాకు రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, పెరిగితే రక్తస్రావం. గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు. వారం వారం ఒకే మోతాదులో తినాలి, అంతే. ఒకరోజు కుండెడు గోంగూర తిని తర్వాత పది రోజులు ముట్టకపోతే లెక్క తప్పుతుంది. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ అడక్కుండా వేసుకోకూడదు. పన్ను తీయించుకోవాలంటే ముందు గుండె డాక్టరుకి చెప్పాలి, ఎసిట్రోమ్ సొంతంగా ఆపేయకూడదు. "పరీక్షలు అక్కర్లేని కొత్త మందులొచ్చాయి, మార్చుకోండి" అని ఒక మందుల షాపులో సలహా ఇచ్చారు. మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లు ఆ మాట వినొద్దు. ఆ కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ని మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఇచ్చి చేసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ సంగతి బయటపెట్టారు.

ల్యాబ్ సేవకి మాత్రం రెండే ఇస్తాను. ఇంటి దగ్గర ఒక ల్యాబ్‌లో ఒకసారి నాలుగు దాటిందని రిపోర్టు ఇచ్చారు. మాత్ర ఆపేద్దామా అని ఇంట్లో కంగారు. ఆసుపత్రి నర్సమ్మకి ఫోన్ చేస్తే, "నీలం మూత గొట్టంలో రక్తం గీత దాకా నింపారా?" అని అడిగింది. నింపలేదు, నేను చూశాను. రక్తం తక్కువైతే గొట్టంలోని మందు పాళ్లు ఎక్కువై అంకె పెరిగిపోతుందట. వేరేచోట మళ్లీ తీయిస్తే మూడు చిల్లర వచ్చింది. అప్పట్నుంచి ఒకే ల్యాబ్‌కి వెళ్తున్నాను, గీత దాకా నిండేవరకూ చెయ్యి తీయను.

ల్యాబ్‌కి దూరంగా ఉండేవాళ్లు, మాత్ర మరిచిపోయే అలవాటున్నవాళ్లు, ఇంకా పిల్లల్ని కనాల్సిన ఆడవాళ్లు ఈ మాటలన్నీ ముందే సర్జన్‌కి చెప్పండి, వాళ్లకి టిష్యూయే సరిపడొచ్చు. మెకానికల్ వేయించుకునేవాళ్లు రక్తం పొద్దున్నే ఇచ్చి, ఎసిట్రోమ్ సాయంత్రం వేసుకునేలా డాక్టరుతో మాట్లాడుకోండి. రిపోర్టు మధ్యాహ్నానికొస్తే మోతాదు ఆ రోజే మార్చుకోవచ్చు.