పెద్ద జబ్బులో వచ్చే ఆందోళనకు ఏది మేలు? మెడికల్ కెనాబిస్, మాత్రలు, కౌన్సెలింగ్ పక్కపక్కన

పెద్ద జబ్బుతో బతికే మనిషికి టెన్షన్ కారణం లేకుండా రాదు. రేపు స్కాన్ రిపోర్టు అంటే ఈ రాత్రి కంటి మీద కునుకుండదు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు ఛాతీలో చిన్న పోటు వచ్చినా ఒళ్లంతా చెమటలు పడతాయి. అలాంటప్పుడు ఎవరో ఒకరు "మెడికల్ కెనాబిస్ వాడి చూడు, అది సహజమైనదే కదా" అంటారు. అంటే గంజాయి నుంచి చేసిన మందు. డాక్టరు చీటీ మీద అది చట్టబద్ధంగా దొరికే చోట ఉన్నవాళ్లకు ఆ మాట గట్టిగానే పట్టుకుంటుంది. కానీ "గంజాయి మందు మంచిదా, చెడ్డదా" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ఏ జబ్బు, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు, ఆందోళన ఎక్కడ మొదలవుతోంది అన్నవి తెలిస్తేనే ఏదైనా చెప్పగలం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాధ ఆందోళన ఒక్కటే అయితే కెనాబిస్ మొదట అందుకోవాల్సిన మందు కాదు. నొప్పి వల్లో, వాంతుల వల్లో, కండరాలు బిగుసుకుపోవడం వల్లో నిద్ర పోయి, దాంతో ఆందోళన పెరుగుతున్నవాళ్లు మాత్రం డాక్టరుతో కూర్చుని మాట్లాడదగ్గ విషయమే.

ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి

ఆందోళన అనిపించేదంతా మనసు నుంచే రాదు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వేసుకున్న రోజుల్లో గాభరా, నిద్రలేమి మామూలే. వాంతులు ఆగడానికిచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిని కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. కాళ్లు అదే పనిగా కదుపుతూ అటూ ఇటూ తిరుగుతుంటారు. చూసేవాళ్లు అది భయం అనుకుంటారు, నిజానికి అది ఆ మందు పని. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ పడిపోయినా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా గుండెదడ, ఊపిరాడకపోవడం అచ్చం పానిక్ లాగే ఉంటాయి. వీటిని చూడకుండా కెనాబిస్ గానీ మరొకటి గానీ మొదలుపెడితే అసలు సమస్య మరుగున పడిపోతుంది. కొత్తగా మొదలైన ఆందోళన అయితే, అదే వారంలో ఏ మందు చేరిందో, ఏ మోతాదు మారిందో చూడమని డాక్టరును అడగండి.

టీహెచ్‌సీ: మోతాదు మీదే అంతా

కెనాబిస్‌లో మత్తు, తేలిక ఇచ్చేది టీహెచ్‌సీ. మెదడులో భయాన్ని నడిపే భాగాల్లో కూడా ఉండే సీబీ1 గ్రాహకాల మీద అది పనిచేస్తుంది. కొంచెం అయితే తేలిక, ఇంకొంచెం అయితే భయం. ఈ రెంటి మధ్య దూరం చాలా తక్కువ. 2017లో షికాగో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు టీహెచ్‌సీ ఇచ్చి, నలుగురి ముందు మాట్లాడే పరీక్ష పెట్టారు. 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు ఒత్తిడి తగ్గింది. 12.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ల మనసు ఇంకా పాడైంది. తేడా 5 మిల్లీగ్రాములే.

నోటితో తీసుకునే రకంలో ఇది ఇంకా చిక్కు. రాత్రి 9కి ఒక ముక్క తింటారు. 10 అయినా ఏమీ తెలియదు. పనిచేయలేదనుకుని ఇంకో ముక్క వేసుకుంటారు. 11కి రెండూ కలిసి పట్టుకుంటాయి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, గది తిరిగినట్టుంటుంది. ఆరోగ్యవంతుడైతే పడుకుని తెల్లారేదాకా ఓర్చుకుంటాడు. గుండెజబ్బు ఉన్నవాడికి అది దడో, మళ్లీ గుండెపోటో తేల్చుకునే దారి లేదు. ఆందోళన తగ్గడానికి తీసుకున్నది ఎమర్జెన్సీ వార్డుకు చేరుస్తుంది. తిన్నది పనిచేయడం మొదలవడానికి అరగంట నుంచి 2 గంటలు పడుతుంది, ఆ ప్రభావం 6 గంటలు దాటి కూడా ఉంటుంది. పీల్చినదైతే నిమిషాల్లో పనిచేస్తుంది, 2, 3 గంటల్లో తగ్గుతుంది, కానీ ఊపిరితిత్తులు దానికి మూల్యం చెల్లిస్తాయి.

అయితే ఆధారాలు మొత్తం వ్యతిరేకంగా ఏమీ లేవు. 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో 83 అధ్యయనాల సమీక్ష వచ్చింది. దీర్ఘకాలపు నొప్పి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు లాంటివి ఉన్నవాళ్లలో టీహెచ్‌సీ ఉన్న మందులు ఆందోళనను కొంత తగ్గించాయని అందులో ఉంది. ఆ ఆధారం చాలా బలహీనమనీ, దుష్ప్రభావాలు ఎక్కువనీ అదే సమీక్ష చెప్పింది. దాన్ని నేను అర్థం చేసుకున్నదేమిటంటే, నొప్పి తగ్గితే మనసు కుదుటపడి ఉండొచ్చు. 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ నివేదిక కూడా పెద్దవాళ్లలో దీర్ఘకాలపు నొప్పికి, కీమో వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగువుకు గట్టి ఆధారం ఉందంది. ఆందోళన దగ్గరికొచ్చేసరికి పరిమిత ఆధారమే అంది, అది కూడా కెనాబిస్ మొక్కలోనే ఉండే మరో పదార్థం సీబీడీకి.

సీబీడీ: మనసుకు మెత్తన, మందులకు కాదు

సీబీడీ మత్తు ఇవ్వదు, భయం పెంచదు. అందుకే చాలామంది దీన్ని నిరపాయం అనుకుంటారు. 2011లో బ్రెజిల్‌లో సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లకు ఒకే మోతాదుగా 600 మిల్లీగ్రాములు ఇస్తే, ప్రసంగం ముందు భయం తగ్గింది. తర్వాత ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో 300 మిల్లీగ్రాములు పనిచేశాయి, అంతకన్నా తక్కువా ఎక్కువా పనిచేయలేదు.

ఇప్పుడు ఒక సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ చూడండి. 30 మిల్లీలీటర్ల సీసా, మొత్తం సీబీడీ 1500 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుంటే చుక్కకు రెండున్నర మిల్లీగ్రాములు. పొద్దున 5 చుక్కలు, రాత్రి 5 చుక్కలు వేసుకునే మనిషికి రోజుకు చేరేది 25 మిల్లీగ్రాములే. పరీక్షల్లో పనిచేసిన 300 కావాలంటే సీసాలో ఐదో వంతు ఒక్కసారే తాగాలి.

సరే, అంత మోతాదుకే వెళ్దామంటే అసలు చిక్కు అక్కడే ఉంది. లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. అప్పుడు మీరు ఎప్పటిలాగే వేసుకున్న మాత్ర రక్తంలో పేరుకుపోతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పెరిగి రక్తస్రావం అవ్వొచ్చు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే టాక్రోలిమస్ స్థాయి పెరిగితే, పెట్టిన కిడ్నీకే దెబ్బ. మూర్ఛకు క్లోబజామ్ వాడేవాళ్లు మగతలో మునిగిపోతారు. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పైకి పోతాయి. మూర్ఛకు 2018లో అమెరికాలో అనుమతి పొందిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌తో ఈ గొడవలన్నీ బాగా తెలిసొచ్చాయి, అది వాడేవాళ్లకు లివర్ పరీక్షలు తప్పనిసరి. కొవ్వున్న భోజనంతో తీసుకుంటే శరీరానికి పట్టేది దాదాపు 4 రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఒక రోజు పరగడుపునా ఒక రోజు తిన్నాకా వేసుకుంటే మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు.

అంటే చిన్న మోతాదులో ఆందోళనకు పనిచేస్తుందన్న ఆధారం లేదు, పనిచేసే మోతాదులో మిగతా మందులతో గొడవ. ఒక్క మందు కూడా వాడని మనిషికి సీబీడీ వేరు, రోజుకు ఎనిమిది మాత్రలు మింగే మనిషికి వేరు.

లేబుల్ మీద అంకె కూడా నమ్మకం కాదు. 2017లో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్‌లో రాసినంత సీబీడీ ఉన్నవి మూడో వంతు కూడా లేవు. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. వాడాలనుకుంటే, చట్టం ఒప్పుకునే చోట, మందుల షాపులో డాక్టరు చీటీ మీద దొరికేదే వాడాలి.

మామూలు మాత్రలు

ఆందోళనకు, డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రల మీద జనానికి ఉన్న భయం కెనాబిస్ మీద లేకపోవడం నన్ను బాధపెడుతుంది. ఏ మందుతో ఇవి ఎలా ప్రవర్తిస్తాయో దశాబ్దాల అనుభవం ఉంది. గుండెపోటు వచ్చిన కొద్ది వారాలకే మొదలుపెట్టినా సెర్ట్రలిన్ సురక్షితమేనని 2002లోనే పరీక్ష చేసి చూపించారు. సీబీడీ విషయంలో అలాంటి పరీక్ష లేదు.

లోపాలూ ఉన్నాయి. పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మొదటి వారం గాభరా ఇంకాస్త పెరగొచ్చు. అందుకే సగం మోతాదుతో మొదలుపెట్టమనడం మంచిది. బ్లడ్ థిన్నర్లతో రక్తస్రావం ముప్పు కాస్త పెరుగుతుంది. పెద్దవయసువాళ్లలో సోడియం పడిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్లు పారోక్సెటిన్, ఫ్లువోక్సెటిన్ వాడకూడదు, టామోక్సిఫెన్ పని దెబ్బతింటుంది. కానీ ఇవన్నీ ముందే తెలిసినవి, డాక్టరు వేరే మాత్ర ఎంచుకోగలరు.

కెనాబిస్‌తో నేరుగా పోల్చాల్సింది మిర్టజపిన్ అనే డిప్రెషన్ మాత్ర. ఆకలి లేదు, వికారం, నిద్ర లేదు, మనసు బాగోలేదు అంటూ కెనాబిస్ అడిగేవాళ్లకు రాత్రి ఒక మిర్టజపిన్ మాత్ర చాలాసార్లు అదే పని చేస్తుంది. మగత, ఆకలి పెరగడం మామూలుగా దాని దుష్ప్రభావాల జాబితాలో ఉంటాయి, ఇక్కడ అవే కావాలి. ఈ మాట అడిగేవాళ్లకు ఎవరూ చెప్పరు.

లోరజెపామ్ లాంటి బెంజోడయజపిన్లు, అంటే మగతనిచ్చి శాంతపరిచే మాత్రలు, త్వరగా పనిచేస్తాయి. ఎమ్మారై యంత్రంలోకి వెళ్లే ముందు ఒక్కసారికైతే కెనాబిస్ కన్నా ఇదే నయం, ఎంతసేపట్లో ఎంత పనిచేస్తుందో తెలుసు. రోజూ వాడితే అలవాటవుతుంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులతో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది.

కౌన్సెలింగ్

ఏ మందుతోనూ గొడవపడనిది ఇదొక్కటే. 2022లో 276 మందితో చేసిన ఒక పరీక్షలో ఈ క్షణం మీదే ధ్యాస నిలపడం నేర్పే 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఎస్సిటలోప్రామ్‌కు ఏమాత్రం తీసిపోలేదు. వాళ్లు యాంగ్జైటీ డిజార్డర్ ఉన్నవాళ్లు, పెద్ద జబ్బు ఉన్నవాళ్లనే తీసుకుని చేసిన పరీక్ష కాదు, కాబట్టి ఉన్నదున్నట్టుగా మనకు వర్తించదు. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ల కోసం టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రిలో కామ్ అనే పద్ధతి తయారుచేశారు. భయం అబద్ధమని ఒప్పించే ప్రయత్నం అందులో ఉండదు. చావు భయం నిజమైనదే, దాని పక్కనే మిగిలిన రోజులు ఎలా బతకాలో మాట్లాడుకుంటారు. కేవలం "పాజిటివ్‌గా ఉండండి" అనే కౌన్సెలర్ దగ్గర పెద్ద జబ్బు ఉన్నవాళ్లకు ఊరట దొరకదు. ఓపిక లేనివాళ్లకు వారం వారం వెళ్లడం కష్టం, ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు ఉందేమో అడగాలి.

జబ్బును బట్టి మొగ్గు మారుతుంది

గుండెజబ్బు ఉంటే టీహెచ్‌సీ వద్దనే అంటాను. గంజాయి పొగ తాగిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు దాదాపు 5 రెట్లు ఉందని 2001లో ఒక అధ్యయనం చూపింది. కీమో వల్లో, అవయవ మార్పిడి వల్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఆకు రూపంలో పీల్చకూడదు. ఆకులో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ తేవచ్చు. శరీరంలోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ తీసుకునే రోగుల్లో, కెనాబిస్ వాడినవాళ్లకు ఫలితం తక్కువగా ఉన్నట్టు ఇజ్రాయెల్ నుంచి చిన్న అధ్యయనాలు వచ్చాయి. అది తేలిన విషయం కాదు, అయినా ప్రాణాలు నిలిపే మందు మీద నేనైతే పందెం కాయను. తమకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు), బైపోలార్ ఉంటే టీహెచ్‌సీ జోలికే వెళ్లకూడదు.

చివరి దశలో బాధ తగ్గించడానికే చేసే పాలియేటివ్ కేర్‌లో లెక్క వేరు. అక్కడ పదేళ్ల తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న లేదు. నొప్పి, వికారం, నిద్రలేమి, భయం నాలుగూ కలిసి ఉన్న మనిషికి చిన్న మోతాదు టీహెచ్‌సీతో రాత్రి నిద్ర పడుతుందంటే, పాలియేటివ్ డాక్టరు కనిపెట్టుకుని ఉన్నప్పుడు కాదనడానికి నాకు నోరు రాదు.

వాడాలనే అనుకుంటే

వైద్య బృందంలో ప్రతి ఒక్కరికీ చెప్పాలి, మందులు ఇచ్చే ఫార్మసిస్టుకు కూడా. మోతాదు డాక్టరు చెప్పినదే. టీహెచ్‌సీ అయితే మామూలుగా రాత్రి రెండున్నర మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, అదే రాత్రి రెండోసారి తీసుకోకూడదు, తోడు మనిషి ఉండాలి. మొదలుపెట్టే ముందు ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నపత్రం నింపి స్కోరు రాసుకోండి, 4 వారాలకు మళ్లీ నింపండి. స్కోరు దిగకపోతే ఆపేయడమే. నెలల తరబడి రోజూ వాడాక ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆందోళన ముంచుకొస్తాయి. అవి చూసి "మందు లేకపోతే నా ఆందోళన తిరిగొచ్చింది" అనుకుని మళ్లీ మొదలుపెడతారు, కాబట్టి మెల్లగా తగ్గించాలి. ఆపరేషన్ ఉంటే ఎంత వాడుతున్నారో, చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో మత్తుమందు ఇచ్చే డాక్టరుకు దాచకుండా చెప్పండి. పొగ తాగి 2 గంటలు కూడా కాకపోతే, అత్యవసరం కాని ఆపరేషన్‌ను వాయిదా వేయమని 2023 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి.