వెనక కాళ్లు ఎత్తిపట్టే బెల్టు: రెండేళ్లు వాడాక

తుంటి కీళ్లు అరిగిన 32 కిలోల లాబ్రడార్ కుక్కకి రెండేళ్లుగా వాడుతున్న బెల్టు ఇది. ఇది నడకను బాగుచేయదు. లేవడానికి, మెట్లెక్కడానికి, కారెక్కడానికి ఆసరా, అంతే.

కాబట్టి కొనేముందు కుక్క నడకను చూడండి. సిమెంటు రోడ్డు మీద తాడు వదులుగా పట్టి, మెల్లగా పరిగెత్తించి, ఫోన్‌ని దాని మోచేతి ఎత్తులో ఉంచి స్లో మోషన్‌లో తీయండి. పక్క నుంచి, ఎదురుగా, వెనక నుంచి మూడుసార్లు. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. చాలామంది తల దిగిన వైపు కాలునే అనుమానించి పప్పులో కాలేస్తారు. వెనక కాలైతే నొప్పి ఉన్న వైపు నడుము ఎక్కువగా ఎగిరిపడుతుంది. రెండు వెనక కాళ్లూ కలిపి కుందేల్లా గెంతితే తుంటిని, ఒక మోకాలు పక్కకి చాపి కూర్చుంటే మోకాలి లిగమెంటును అనుమానించాలి. పాదం ఈడుస్తూ, మధ్య రెండు గోళ్ల పైభాగం అరిగిపోతుంటే నరాల సమస్య కావచ్చు. ముందు డాక్టర్, తర్వాతే బెల్టు. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతూ జ్వరం కూడా ఉంటే మన దగ్గర పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించాల్సిందే. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఇక బెల్టు. పొట్ట కింద పట్టీలా వచ్చేది మగకుక్కకి పనికిరాదు, మూత్రానికి అడ్డం. తొడల చుట్టూ వచ్చి తుంటి దగ్గర ఎత్తేదే మేలు. పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్లు దూరాలి. అందరూ చేసే తప్పు, పాదాలు గాల్లోకి లేచేదాకా లాగడం. అప్పుడు బరువంతా ముందు కాళ్ల మీద పడుతుంది. అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనాలి, పట్టీ బిగుసుకోవాలి, అంతవరకే ఎత్తాలి.

రోజంతా ఉంచితే తొడ లోపలివైపు ఒరుసుకుపోతుంది; వానాకాలంలో ఇంకా త్వరగా. వెల్‌క్రోలో వెంట్రుకలు చిక్కుకుని పట్టు తగ్గుతుంది, పాత టూత్‌బ్రష్‌తో లాగేస్తే మళ్లీ అంటుకుంటుంది.

నిజానికి ఇంట్లో ఎక్కువ తేడా తెచ్చింది బెల్టు కాదు, టైల్స్ మీద పరిచిన రబ్బరు మ్యాట్లు. దానికి తోడు గోళ్లు నేలకు టకటకలాడకుండా, అరికాళ్ల మధ్య వెంట్రుకలు పెరగకుండా కత్తిరించడం.

పద్నాలుగో నెలలో పిడి దగ్గర కుట్లు వదులయ్యాయి. చెప్పులు కుట్టే అతని చేత నైలాన్ దారంతో రెండు వరసలు వేయిస్తే ఇప్పటికీ కదల్లేదు. కొత్తది కొన్నా మెట్లెక్కించే ముందే ఆ కుట్లు వేయించుకోండి.